ప్రాసెస్ పేటెంట్ నోటీసు వచ్చింది, ప్లాంటు ఆపేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కొండపల్లి ఐడీఏలో (పారిశ్రామికవాడలో) మీ అన్నదమ్ములది చిన్న యూనిట్. పురుగుమందుల కంపెనీలకు ఒక ఎమైడ్ ఇంటర్మీడియట్ (మందు తయారీలో మధ్య దశలో వాడే రసాయనం) చేసి ఇస్తున్నారు. ఢిల్లీ లాయరు దగ్గర్నుంచి నోటీసు వచ్చింది. మీ తయారీ తమ క్లయింటు ప్రాసెస్ పేటెంటును ఉల్లంఘిస్తోందని, 15 రోజుల్లో ఉత్పత్తి ఆపి స్టాకు అప్పగించకపోతే దావా వేస్తామని అందులో ఉంది. పేటెంటులో ఆక్సాలిల్ క్లోరైడ్ ఉంది, మీరు వాడేది థయోనిల్ క్లోరైడ్. రియేజెంట్ (రియాక్షన్ నడవడానికి కలిపే రసాయనం) వేరు కాబట్టి ఏమీ కాదని మీ కెమిస్టు, ఎందుకైనా మంచిది ప్లాంటు ఆపమని మీ ఆడిటరు అంటున్నారు. గుంటూరులో మీ పెద్ద కొనుగోలుదారు ఆర్డరు నిలిపేశారు. కోర్టుకు వెళితే మా ప్రాసెస్ మొత్తం వాళ్ల చేతిలో పెట్టాలా అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. నోటీసు వచ్చినంత మాత్రాన ప్లాంటు ఆపనక్కర్లేదు. లాయరు నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. అందులో రాసిన 15 రోజులు వాళ్లు పెట్టుకున్న గడువే తప్ప చట్టం పెట్టింది కాదు. అయితే మీ కెమిస్టు చెప్పింది సగమే నిజం. రియేజెంట్ పేరు మారగానే బయటపడిపోరు. మారడం వల్ల రియాక్టరు లోపల జరిగే పని ఏం మారిందో చెప్పగలగాలి. ఆ పద్ధతిలోనే రోజూ చేస్తున్నామని కాగితాలతో చూపించగలగాలి. ఈ రెండూ ఉంటే మీరు గట్టిగానే నిలబడతారు. రెండోది లేకపోతే మొదటిది ఎంత నిజమైనా కోర్టులో పనికిరాదు.

నేను బల్క్ డ్రగ్ ప్లాంట్లలో ప్రాసెస్ కెమిస్టుగా పనిచేసి, తర్వాత పేటెంట్ ఏజెంటునయ్యాను. గుంటూరు నుంచి చుట్టుపక్కల యూనిట్లకు ఈ పని చేస్తున్నాను. కోర్టులో వాదించేది అడ్వొకేట్లు. వాళ్లకు కెమిస్ట్రీ, కాగితాలు సిద్ధం చేసి ఇవ్వడం నా వంతు. కింద చెప్పేదంతా ఆ అనుభవం నుంచే.

వాళ్ల చేతిలో ఉన్నది ఏ హక్కు?

పేటెంటు వస్తువు మీద ఉందా, తయారీ పద్ధతి మీద ఉందా అన్నది మొదట తేలాలి. పేటెంట్ల చట్టం 1970లో సెక్షన్ 48 ఈ రెండింటినీ విడివిడిగా చెబుతుంది. వస్తువు మీద పేటెంటు ఉంటే మీరు ఏ దారిలో చేసినా అది ఉల్లంఘనే. పద్ధతి మీద ఉంటే, ఆ పద్ధతి వాడకుండా, ఆ పద్ధతిలో నేరుగా వచ్చిన సరుకును అమ్మకుండా, దిగుమతి చేయకుండా ఆపే హక్కు మాత్రమే వాళ్లకు ఉంటుంది. చింతపండుతో పులిహోర చేసే పద్ధతి మీద హక్కు ఉన్నవాడు, నిమ్మకాయతో పులిహోర చేసుకునేవాడిని ఆపలేడు. పులిహోర మీదే హక్కు ఉంటే ఇద్దరినీ ఆపగలడు.

మన దగ్గర ఇంత కెమికల్ పరిశ్రమ నిలబడింది ఈ తేడా మీదే. 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం మందులకు, ఆహార పదార్థాలకు, కెమికల్ ప్రాసెస్‌లో తయారయ్యే పదార్థాలకు వస్తువు మీద పేటెంటు ఇచ్చేవాళ్లు కాదు, పద్ధతి మీదే ఇచ్చేవాళ్లు. అందుకే వేరే దారి కనిపెట్టగల కెమిస్టుకు అంత విలువ ఉండేది. 2005 జనవరి 1 నుంచి ఆ నియమం పోయింది. ఇప్పటికీ చాలామంది పాత యూనిట్ ఓనర్లు 'దారి మార్చాం కదా, ఇంకేం భయం' అంటుంటారు. ఆ మాట ప్రాసెస్ పేటెంటు విషయంలోనే చెల్లుతుంది.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. కొన్ని క్లెయిములు (పేటెంటులో తమ హక్కు దేనిమీదో రాసుకునే వాక్యాలు) 'ఫలానా పద్ధతిలో తయారైన ఫలానా పదార్థం' అని ఉంటాయి. చూడ్డానికి పద్ధతిలా ఉన్నా, ఆ పదార్థమే కొత్తదైతే అది వస్తువు మీద క్లెయిమే. ఐరన్ ఇంజెక్షన్ ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ విషయంలో వైఫర్ కంపెనీకి, హైదరాబాదు ఎంఎస్‌ఎన్ ల్యాబొరేటరీస్‌కు నడిచిన కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీల ధర్మాసనం) 2024 ఫిబ్రవరిలో ఇదే చెప్పింది. అందుకే మీ నోటీసులో ఏ క్లెయిము నంబరు ఎత్తి చూపారో, దాని మొదటి వాక్యం ఎలా మొదలవుతుందో చూడండి.

పేటెంటు అసలు బతికి ఉందా?

ఈ పని ఈరోజే చేయండి. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో ఇన్‌పాస్ అనే సెర్చ్ ఉంది, ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నంబరు కొట్టి స్టేటస్ చూడండి. గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. గ్రాంటయిన తేదీ నుంచి లెక్కపెట్టి ఇంకా చాలా ఏళ్లుందని భయపడేవాళ్లను చూశాను. మూడో ఏడాది నుంచి ఏటేటా రెన్యూవల్ ఫీజు కట్టాలి, కట్టకపోతే పేటెంటు ల్యాప్స్ అవుతుంది. ల్యాప్సయిన 18 నెలల్లోపు మళ్లీ పునరుద్ధరించమని అడిగే అవకాశం వాళ్లకు ఉంది కాబట్టి ఆ తేదీలు కూడా చూడాలి. నందిగామ వైపు ఒక యూనిట్‌కు వచ్చిన నోటీసులో చెప్పిన పేటెంటు అప్పటికే ఫీజు కట్టక ల్యాప్సయి, పునరుద్ధరణ గడువు కూడా దాటిపోయి ఉంది. ఆ సంగతి రాసి పంపాక అవతలి నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. ఇది అరుదేమీ కాదు, కాబట్టి చూడకుండా టెన్షన్ పడొద్దు.

ఇంకా దరఖాస్తు దశలోనే ఉంటే, గ్రాంటయ్యేదాకా వాళ్లు దావా వేయలేరు. గ్రాంటయినట్టు ప్రచురించి ఏడాది దాటకపోతే, మీరు పోస్ట్ గ్రాంట్ అపోజిషన్ (ఇచ్చిన పేటెంటు మీద అభ్యంతరం) వేయవచ్చు. కోర్టు కంటే చాలా తక్కువ ఖర్చుతో పోతుంది. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది కానీ, అపోజిషన్ వేయాల్సింది ఆ దరఖాస్తు నడిచిన ఆఫీసులోనే.

రియేజెంట్ మారితే సరిపోతుందా?

అసలు విషయం ఇక్కడుంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మన ప్రాంతంలో రైతులందరికీ తెలిసిన కొరాజెన్ ఉంది కదా, మిరపలో కాయతొలుచు పురుగుకు, వరిలో కాండం తొలుచు పురుగుకు కొడతారు. అందులో మందు క్లోరాంట్రనిలిప్రోల్. ఆ పదార్థం మీద ఉన్న పేటెంటు 2022 ఆగస్టు 13తో ముగిసింది. తయారీ పద్ధతి మీద ఎఫ్‌ఎంసీ కంపెనీకి ఇంకో పేటెంటు అప్పటికి బతికే ఉంది. నాట్కో ఫార్మా తన పద్ధతితో మార్కెట్‌లోకి రాబోతే ఢిల్లీ హైకోర్టులో వివాదం నడిచింది. ఎఫ్‌ఎంసీ క్లెయిములో ఆమ్లాన్ని, ఎమైన్‌ను కలిపేందుకు సల్ఫోనిల్ క్లోరైడ్ వాడతారు. నాట్కో థయోనిల్ క్లోరైడ్‌తో ఆమ్లాన్ని ముందు యాసిడ్ క్లోరైడ్‌గా మార్చి, తర్వాత ఎమైన్‌తో కలుపుతుంది. చివరికి వచ్చేది ఒకటే పదార్థం. రెండు రియేజెంట్లూ ఒకదానికొకటి సమానమైనవే కాబట్టి పేటెంటు సారాన్ని వాడుకున్నట్టే అన్నది ఎఫ్‌ఎంసీ వాదన. 2022 డిసెంబరులో డివిజన్ బెంచ్ ఆ వాదన ఒప్పుకోలేదు. చివరి ఫలితం ఒకటైనా, అక్కడికి చేరే తీరు, క్లెయిములో ముఖ్యమైన అంశంగా రాసుకున్న రియేజెంట్ వేరైనప్పుడు ఉల్లంఘన కాదంది.

మీ కెమిస్టు మనసులో ఉన్నది ఈ తీర్పే అనుకుంటాను. కానీ మీ కేసు అచ్చంగా అది కాదు. అక్కడ ఒక దారిలో యాసిడ్ క్లోరైడ్ ఏర్పడే మెట్టు విడిగా ఉంది, ఇంకో దారిలో లేదు. మీ దగ్గర ఆక్సాలిల్ అయినా, థయోనిల్ అయినా చేసే పని ఒకటే, ఆమ్లాన్ని యాసిడ్ క్లోరైడ్‌గా మార్చడం. మధ్యలో వచ్చే పదార్థం కూడా ఒకటే. కోర్టు అడిగే మూడు ప్రశ్నలున్నాయి: చేసే పని ఒకటేనా, చేసే తీరు ఒకటేనా, వచ్చే ఫలితం ఒకటేనా? మూడింటికీ అవునని వాళ్ల లాయరు గట్టిగా వాదించగలడు. అందుకే సగం నిజం అన్నాను.

అలాగని మీ చేతిలో ఏమీ లేదనుకోకండి. మూడు చోట్ల వెతకండి.

మొదటిది, వాళ్ల స్పెసిఫికేషన్‌లోనే (పేటెంటు వివరణ పత్రంలోనే) థయోనిల్ క్లోరైడ్ గురించి ఏం రాశారో చూడండి. 'థయోనిల్ క్లోరైడ్‌తో దిగుబడి తక్కువ, మలినాలు ఎక్కువ, అందుకే మేం ఆక్సాలిల్ వాడాం' అని రాసి ఉంటే మీ పని చాలా తేలికవుతుంది. రెండూ సమానం కాదని వాళ్లే రాసుకున్నారు కదా. 'ఆక్సాలిల్ క్లోరైడ్, థయోనిల్ క్లోరైడ్, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ వంటి క్లోరినేటింగ్ ఏజెంట్' అని వివరణలో రాసి, క్లెయిములోనూ 'క్లోరినేటింగ్ ఏజెంట్' అనే ఉంటే మాత్రం మీరు నేరుగా క్లెయిము లోపలే ఉన్నారు. అప్పుడు పేటెంటు చెల్లుబాటు మీద పోరాడాలే తప్ప తేడా చూపించి లాభం లేదు.

రెండోది, పేటెంటు పరిశీలన సమయంలో నడిచిన ఉత్తరాలు. ఎగ్జామినర్ ఇచ్చిన రిపోర్టు, దానికి వాళ్ల సమాధానం, సవరించిన క్లెయిములు అన్నీ ఇన్‌పాస్‌లోనే పీడీఎఫ్‌లుగా ఉంటాయి. మొదట 'క్లోరినేటింగ్ ఏజెంట్' అని విశాలంగా అడిగి, ఎగ్జామినర్ పాత పత్రాలు చూపించాక ఆక్సాలిల్ క్లోరైడ్‌కు కుదించుకుని గ్రాంటు తెచ్చుకున్నారా? అలాగైతే అక్కడ వదులుకున్నదాన్ని ఇక్కడ సమానత్వం పేరుతో మళ్లీ అడగలేరని మీ అడ్వొకేటు వాదించవచ్చు. నేను ఏ నోటీసు చూసినా ముందు తీసేది ఈ ఫైలే. చాలాసార్లు సమాధానం అందులోనే దొరుకుతుంది.

మూడోది, పాత సాహిత్యం. వాళ్ల ప్రయారిటీ తేదీకి (కొత్తదనాన్ని లెక్కగట్టే మొదటి దరఖాస్తు తేదీకి) ముందే ఈ అణువును, లేదా దీనికి చాలా దగ్గరి అణువును థయోనిల్ దారిలో చేసినట్టు జర్నల్‌లోగానీ, గడువు తీరిన పేటెంటులోగానీ ఉందేమో వెతికించండి. దొరికితే మీ మాట చాలా బలంగా ఉంటుంది. మేం చేసేది పాత పద్ధతే, మీ క్లెయిము దీన్ని కూడా కలుపుకునేంత విశాలమైతే అది కొత్తది కాదు, కలుపుకోకపోతే మేం ఉల్లంఘించలేదు. ఎటు చూసినా వాళ్లకు ఇబ్బందే. దీనితోపాటు సెక్షన్ 3(డి) కూడా చదవండి. తెలిసిన పద్ధతిని ఊరికే వాడటం ఆవిష్కరణ కాదు, దాని వల్ల కొత్త పదార్థమైనా రావాలి, లేదా కనీసం ఒక కొత్త రియాక్టెంట్ అయినా అందులో ఉండాలి అని అక్కడ ఉంది.

పేటెంటు గ్రాంటయింది కదా, ఇంక అది రాతి మీద గీతే కదా అనుకునేవాళ్లు ఉంటారు. అలా కాదు. మిర్జాపూర్‌లోని పాత్రల తయారీ సంస్థ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ పేటెంటు కేసులో 1978లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, గ్రాంటు ఇవ్వడం వల్ల పేటెంటు చెల్లుతుందన్న హామీ ఏమీ లేదని. వర్క్‌షాపులో పనివాడు మామూలుగా చేసుకునే మెరుగుదల ఆవిష్కరణ కాదని చెప్పి ఆ పేటెంటును నిలవనివ్వలేదు. అలాగని ప్రాసెస్ పేటెంటు ఉన్నవాళ్లు గెలవరనీ కాదు. మధుమేహం మందు టోల్బుటమైడ్ తయారీ పద్ధతి మీద 1960ల చివర్లో బొంబాయి హైకోర్టులో జర్మనీ కంపెనీ హోక్స్ట్, యూనికెమ్ మీద గెలిచింది.

నా దగ్గరికి వచ్చిన వాటిలో ఒకటి చెబుతాను. పేటెంటులో పొటాషియం కార్బొనేట్ అనే బేస్, డీఎంఎఫ్ అనే సాల్వెంట్ ఉన్నాయి. ఆ యూనిట్ వాళ్లు సోడియం కార్బొనేట్, డైమిథైల్ అసెటమైడ్ వాడుతూ, ఉష్ణోగ్రత కొద్దిగా మార్చారు. 'పూర్తిగా వేరే ప్రాసెస్' అని ఓనరు గారు నమ్మారు. బ్యాచ్ షీట్లు ముందు పెట్టుకుని చూస్తే, రెండు బేస్‌లూ చేసే పనిలో, రెండు సాల్వెంట్లు చేసే పనిలో కెమిస్టు చూపించగలిగే తేడా ఏదీ లేదు. పాత సాహిత్యమూ సాయం చేయలేదు. కోర్టులో పూర్తి విచారణ దాకా వెళితే గెలిచేవారేమో, కానీ మధ్యలో ఇంటరిమ్ ఇంజంక్షన్ (తీర్పు వచ్చేదాకా తయారీ ఆపమనే ఉత్తర్వు) వస్తే ఆ యూనిట్ తట్టుకోలేదు. లైసెన్సు అడగమని సలహా ఇచ్చాను. గడువు తీరేదాకా రాయల్టీ కట్టేలా రాజీ కుదిరింది. ఆ సలహా ఇప్పటికీ సరైనదనే నా అభిప్రాయం.

మా ప్రాసెస్ వాళ్లకు చూపించాలా?

మామూలుగా ఉల్లంఘన జరిగిందని నిరూపించాల్సింది దావా వేసినవాళ్లే. ప్రాసెస్ విషయంలో అది కష్టం, ఎందుకంటే మీ రియాక్టరు మీ గోడల లోపల ఉంది. అందుకే సెక్షన్ 104ఎ పెట్టారు. రెండు సందర్భాల్లో కోర్టు భారాన్ని మీ మీదకు మార్చవచ్చు. ఒకటి, ఆ పద్ధతితో వచ్చే పదార్థం కొత్తదైనప్పుడు. రెండు, మీ సరుకు వాళ్ల పద్ధతిలోనే తయారై ఉండటానికి గట్టి అవకాశం ఉండి, వాళ్లు తగినంత ప్రయత్నం చేసినా మీ పద్ధతేమిటో తెలుసుకోలేకపోయినప్పుడు. దేనికైనా ముందు వాళ్లు ఒకటి నిరూపించాలి: మీ సరుకు, వాళ్ల పద్ధతిలో నేరుగా వచ్చే సరుకు ఒకటేనని.

భారం మీ మీదకు వచ్చినా, మీ తయారీ రహస్యాలను బయటపెట్టమనడం సమంజసం కాదని కోర్టుకు అనిపిస్తే బలవంతం చేయకూడదని అదే సెక్షన్ చెబుతుంది. ఆచరణలో సీల్డ్ కవర్, లేదా ఇరుపక్షాల లాయర్లు, నిపుణులు మాత్రమే చూసేలా ఒక కాన్ఫిడెన్షియాలిటీ ఏర్పాటు అడుగుతారు. ఇది అడగకుండా అఫిడవిట్‌లో ప్రాసెస్ అంతా రాసి దాఖలు చేస్తే ఆ తర్వాత వెనక్కి తీసుకోలేరు. మీ అడ్వొకేటుకు ఇది ముందే గుర్తు చేయండి.

కాగితాలు

ఈ కేసులు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. మీ బ్యాచ్ షీట్లు మీరు రాసుకున్నవి. అవి ఉండాలి, కానీ అవతలివాళ్లు 'కేసు కోసం రాసుకున్నారు' అంటారు. మీ చేతిలో లేని, వేరేవాళ్లు వేరే పని కోసం తయారు చేసిన కాగితాలకు ఎక్కువ బలం ఉంటుంది.

థయోనిల్ క్లోరైడ్ వాడితే రియాక్టరు నుంచి సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ వస్తాయి. ఆక్సాలిల్ క్లోరైడ్ వాడితే కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ వస్తాయి. అంటే మీ స్క్రబ్బర్ (ఆ వాయువులను కడిగే పరికరం) కాస్టిక్‌లో సల్ఫైట్ ఉండి తీరాలి. స్క్రబ్బర్ లాగ్‌బుక్, వాడిన కాస్టిక్ లెక్క, ఆ ద్రవం ఎక్కడికి పంపారో చూపే మానిఫెస్టులు, బయటి ల్యాబ్ అనాలిసిస్ రిపోర్టులు, ఇవన్నీ మీ రియేజెంట్ ఏదో చెప్పే సాక్ష్యాలే. వాటిని ఇప్పుడే కలిపి పెట్టండి. దానికి తోడు థయోనిల్ క్లోరైడ్ కొన్న బిల్లులు, ఈ-వే బిల్లులు, స్టోర్స్ రిజిస్టర్‌లో ఇష్యూలు ఉండాలి. కొన్న మొత్తం, బ్యాచ్‌ల సంఖ్యతో లెక్క కుదరాలి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో మీకు ముందే తెలిసి ఉండాలి.

గుంటూరులో ఒక మిరప ఓలియోరెసిన్ (మిరప నుంచి సాల్వెంట్‌తో తీసే సారం) యూనిట్‌కు ఇలాంటి నోటీసే వచ్చింది. పేటెంటు క్లెయిము ఇథైల్ అసిటేట్‌తో ఎక్స్‌ట్రాక్షన్ గురించి. వీళ్లు మొదటినుంచీ హెక్సేన్ వాడుతున్నారు. హెక్సేన్ నిల్వకు తీసుకున్న పెసో (పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) లైసెన్సు ఉంది. అంతకంటే గట్టిది, ఎగుమతి చేసిన ప్రతి లాటుకూ బయటి ల్యాబ్ ఇచ్చిన రెసిడ్యువల్ సాల్వెంట్ రిపోర్టు. అమెరికాలో సుగంధ ద్రవ్యాల ఓలియోరెసిన్‌లో హెక్సేన్ 25 పీపీఎం దాటకూడదు కాబట్టి కొనేవాళ్లు ఆ రిపోర్టు లేకుండా సరుకు తీసుకోరు. ఆ పరీక్షలు చేసినప్పుడు పేటెంటు గొడవే లేదు. అలాంటి కాగితాన్ని ఎవరూ కాదనలేరు. ఉత్తరాల దశలోనే అది ముగిసింది.

ఇప్పుడు ఒక జాగ్రత్త. మీ ప్రాసెస్ గురించి మీరు ప్రభుత్వానికి ఇప్పటికే చాలా చెప్పి ఉంటారు. పొల్యూషన్ కంట్రోల్ బోర్డు అనుమతుల దరఖాస్తులో ముడిసరుకుల జాబితా, ఫ్లో చార్టు, మెటీరియల్ బ్యాలెన్స్ ఉంటాయి. సింథటిక్ ఆర్గానిక్ కెమికల్స్, పురుగుమందుల యూనిట్లు పర్యావరణ అనుమతికి వేసే ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులో రియాక్షన్ స్కీములతో సహా ఉంటుంది, అది పరివేశ్ పోర్టల్‌లో ఎవరైనా చూడగలరు. పేటెంటు ఉన్న కంపెనీల లాయర్లు ముందు వెతికేది అక్కడే. కన్సల్టెంటు వేరే ఎక్కడినుంచో కాపీ చేసిన స్కీము మీ ఈఐఏ రిపోర్టులో పెట్టి, అందులో ఆక్సాలిల్ క్లోరైడ్ ఉందనుకోండి, మీరు కోర్టులో థయోనిల్ అంటే ఎవరు నమ్ముతారు? ఈరోజే మీ అనుమతుల ఫైళ్లు తీసి, అందులో రాసింది, షాప్ ఫ్లోర్‌లో జరిగేది ఒకటేనా అని చూడండి. తేడా ఉంటే అడ్వొకేటుకు చెప్పాకే ఏదైనా చేయండి. పాత రికార్డులో ఒక్క అక్షరం దిద్దొద్దు, వెనక తేదీ వేసి కొత్త షీటు రాయొద్దు. సిరా, కంప్యూటర్ ఫైలు తేదీలు, షిఫ్ట్ ఇన్‌చార్జి హాజరు పట్టీ, ఏదో ఒకటి పట్టిస్తుంది. ఆ తర్వాత మీ నిజమైన కాగితాలను కూడా ఎవరూ నమ్మరు.

వాళ్లు మార్కెట్‌లో మీ సరుకు కొని పరీక్ష చేయించి ఉంటారు. అందులో ఏ సాల్వెంట్ జాడ ఉంది, ఏ మలినాలున్నాయి అన్నదాన్నిబట్టి దారి ఊహిస్తారు. మీరూ మీ రిటెయిన్ శాంపిల్స్ (ప్రతి బ్యాచ్ నుంచి దాచిపెట్టిన నమూనాలు) నుంచి కొన్ని బ్యాచ్‌లు ఎంచి, మంచి ల్యాబ్‌లో మలినాల పరీక్ష చేయించండి. వాళ్ల దగ్గర ఉన్న రిపోర్టులో ఏముంటుందో మీకు ముందే తెలుస్తుంది. మిగిలిన శాంపిల్స్ సీలు వేసి దాచండి, గడువు తీరాయని పారేయొద్దు.

నోటీసుకు జవాబు, కోర్టు

జవాబు తప్పకుండా ఇవ్వండి, కానీ చిన్నదిగా. ఏ పేటెంటు, ఏ క్లెయిము, ఏ ఆధారంతో అంటున్నారో, ఏ బ్యాచ్ సరుకు పరీక్షించారో అడగండి. ఉల్లంఘనను ఒప్పుకోవడం లేదని ఒక వాక్యం రాయండి. మీ ప్రాసెస్ వివరాలు అందులో రాయొద్దు. కోపంతో వాట్సాప్‌లో గానీ, ఫోనులో గానీ వాళ్ల మార్కెటింగ్ వాళ్లతో మాట్లాడొద్దు.

ఇంకో మాట. నోటీసు అందిన తేదీ ముఖ్యం. పేటెంటు ఉందని తెలియదు, తెలుసుకునే కారణమూ లేదు అని నిరూపిస్తే నష్టపరిహారం నుంచి సెక్షన్ 111 కొంత రక్షణ ఇస్తుంది. నోటీసు చేతికి వచ్చాక ఆ మాట అనలేరు. అప్పటినుంచి అమ్మకాల లెక్క విడిగా పెట్టించండి.

కేవియట్ (కోర్టులో ముందే వేసుకునే విజ్ఞప్తి) వేయించండి. మీ మాట వినకుండా ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ ఇవ్వకుండా అది కొంత కాపాడుతుంది, 90 రోజులు అమల్లో ఉంటుంది, అవసరమైతే మళ్లీ వేయవచ్చు. ట్రేడ్‌మార్క్ కేసుల్లోలా తాము ఉన్న ఊళ్లో దావా వేసే ప్రత్యేక వెసులుబాటు పేటెంటు ఉన్నవాళ్లకు లేదు. మీరు ఉన్న చోటగానీ, ఉల్లంఘన జరిగిందన్న చోటగానీ వేయాలి. అయినా మీ సరుకు ఢిల్లీలో అమ్ముడైందని ఒక్క బిల్లు చూపించి అక్కడ వేయడానికి చూస్తారు. కాబట్టి విజయవాడలోనే కాదు, ఢిల్లీ హైకోర్టులో కూడా కేవియట్ ఆలోచించండి. జిల్లా స్థాయి కోర్టులో దావా పడి, మీరు పేటెంటు రద్దు కోరుతూ కౌంటర్ క్లెయిము వేస్తే కేసు హైకోర్టుకు వెళుతుంది. ఇంజంక్షన్ దశలో పేటెంటు చెల్లదని పూర్తిగా నిరూపించనక్కర్లేదు, దాని చెల్లుబాటు మీద నమ్మదగిన సందేహం చూపిస్తే చాలు. అందుకే పాత సాహిత్యం వెతకడం ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను, దావా పడ్డాక టైముండదు.

చట్టం మీకు ఇంకో రెండు దారులిచ్చింది. ఆధారం లేకుండా బెదిరిస్తున్నారనుకుంటే సెక్షన్ 106 కింద మీరే దావా వేయవచ్చు. సెక్షన్ 105 కింద, మీ ప్రాసెస్ వివరాలు రాతపూర్వకంగా పంపి, ఉల్లంఘన లేదని ఒప్పుకోమని అడిగి, వాళ్లు కాదన్నా పట్టించుకోకపోయినా కోర్టు నుంచి ప్రకటన కోరవచ్చు. రెండోదానికి మీ ప్రాసెస్ బయటపెట్టాలి, ఖర్చు కూడా మామూలుగా మీదే. మీలాంటి చిన్న యూనిట్‌కు నేను దాన్ని సూచించను.

ఈ ప్రాసెస్ మీకు ఎక్కడిది?

మీరు రాయలేదు కానీ అడగక తప్పదు. మన చుట్టుపక్కల చాలా యూనిట్లు పెద్ద కంపెనీలో పనిచేసి బయటికొచ్చిన కన్సల్టెంటు దగ్గర టెక్నాలజీ కొంటాయి. ఆయన పాత కంపెనీ డాక్యుమెంట్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చి ఉంటే, నా దృష్టిలో అది పేటెంటు కంటే పెద్ద ప్రమాదం. పేటెంటుకు 20 ఏళ్ల గడువుంది, బహిరంగంగా చదవవచ్చు, దాని చుట్టూ దారి వెతుక్కోవచ్చు. రహస్యాన్ని నమ్మకం వమ్ము చేసి తెచ్చారన్న ఆరోపణకు ఆ హద్దులు లేవు, ఉద్యోగ ఒప్పందం మీద, రహస్యాన్ని కాపాడాల్సిన బాధ్యత మీద అది నడుస్తుంది. మీ ప్రాసెస్ మీ ల్యాబ్‌లో పుట్టిందైతే ఆ ఆర్ అండ్ డీ నోట్‌బుక్కులు, విఫలమైన ప్రయోగాలతో సహా, బంగారంలా దాచండి. కన్సల్టెంటు ఇచ్చిందైతే ఆయనతో ఒప్పందం ఏముందో, ఏమేం కాగితాలు ఇచ్చారో అంతా మీ అడ్వొకేటుకు దాచకుండా చెప్పండి.

మేమే మా పద్ధతి మీద పేటెంటు వేసుకుంటే రక్షణ దొరుకుతుందా అని కూడా కొందరు అడుగుతారు. దొరకదు. పేటెంటు ఇతరులను ఆపే హక్కు ఇస్తుందేగానీ, మీరు వాడుకోవడానికి అనుమతి ఇవ్వదు. మీ పద్ధతి వాళ్ల క్లెయిము పరిధిలో ఉంటే మీ సొంత పేటెంటు ఉన్నా ఉల్లంఘనే.

గుంటూరు కొనుగోలుదారు సంగతి

ఆయన భయం అర్థం లేనిది కాదు. పేటెంటు పద్ధతిలో నేరుగా వచ్చిన సరుకును వాడినా, అమ్మినా కూడా సెక్షన్ 48 కిందకి వస్తుంది, అంటే ఆయన్నీ దావాలో చేర్చవచ్చు. ఆయన మీ ఇంటర్మీడియట్‌తో ఇంకా రెండు మూడు మెట్లు నడిపి వేరే పదార్థం అమ్ముతుంటే, ఆ చివరి సరుకు 'నేరుగా వచ్చింది' కాదని వాదన ఉంది, కానీ కొని వాడటం అనే చోట చిక్కు అలాగే ఉంటుంది. కాబట్టి ఆయనకు నోటి మాటలతో ధైర్యం చెప్పొద్దు. క్లెయిముల విశ్లేషణ చేయించి, లాభించేలా ఉంటే ఆ సారాంశాన్ని మీ అడ్వొకేటు లెటర్‌హెడ్ మీద, ప్రాసెస్ వివరాలు లేకుండా పంపండి. ఆయన ఇండెమ్నిటీ (దావా వల్ల వచ్చే నష్టం మీరే భరిస్తామన్న హామీ) అడుగుతారు. ఇవ్వండి, కానీ ఎంత మొత్తానికి, ఏ తేదీ నుంచి సరఫరా చేసిన సరుకుకు అన్న పరిమితి రాసుకునే ఇవ్వండి. పరిమితి లేని ఇండెమ్నిటీ మీద సంతకం పెట్టే ముందు మీ అన్నదమ్ములిద్దరూ అడ్వొకేటు ముందు కూర్చుని చదవండి.

పేటెంటు నంబరు, నోటీసులో చెప్పిన క్లెయిము నంబరు ఇక్కడ పెడితే ఇన్‌పాస్‌లో ఫైలు చూసి, ఎగ్జామినర్ రిపోర్టులో ఏముందో చెబుతాను. మీ బ్యాచ్ వివరాలు, ఉష్ణోగ్రతలు, పాళ్లు మాత్రం ఇక్కడ రాయకండి.